బట్టకి సరిపడా

అంతా బాగా జరిగిందండీ అన్నాడు సర్జన్, మాస్కు గడ్డం కిందికి లాక్కుంటూ, ఇంకో గంటలో మత్తు దిగుతుంది, అప్పుడు చూడొచ్చు అన్నాడు, నేను తల ఊపాను, ఆయన మాట్లాడినంతసేపూ ఊపాను, ఆయన వెనక తలుపు మూసుకున్నాక కూడా ఊపుతూనే ఉన్నాననుకుంటా, ఎదురు కుర్చీలో కూర్చున్న పెద్దాయన నాకు తోడుగా తనూ ఊపాడు. బాగా జరిగింది. పేగులో గడ్డ ఉన్న ముక్క తీసేశారు, మిగతా రెండు కొసలూ కలిపి కుట్టేశారు, రక్తం ఎక్కించాల్సిన పనే పడలేదు. ఈ మూడు మాటలూ నోట్లో వేసుకుని చప్పరిస్తూ కూర్చున్నాను. నెల రోజులుగా నా మెడ మీద ఎవరో కూర్చుని ఉన్నారు, ఇప్పుడు లేచి వెళ్ళిపోయారు. అరికాళ్ళు నేలకి పూర్తిగా ఆనాయి, పొద్దుటి నుంచి మునివేళ్ళ మీదే ఉన్నానని ఇప్పుడు తెలిసింది. ఆకలి వేస్తోంది, సిగ్గులేని ఆకలి, గోడవార యంత్రంలో వరసగా వేలాడుతున్న బిస్కెట్ పొట్లాలన్నీ నా పేరే పిలుస్తున్నాయి. బతికి బట్టకట్టింది అంటారే, అమ్మ విషయంలో ఆ మాట అక్షరాలా నిజం, ఆవిడ బతికిందే బట్టలు కుట్టి. ఒక్క మాట మాత్రం సర్జన్ వెళ్తూ వెళ్తూ అన్నాడు. డెబ్భై ఎనిమిదేళ్ళు కదా, లేవగానే తికమకగా మాట్లాడొచ్చు, ఎక్కడున్నారో, మీరెవరో తెలియకపోవచ్చు, కంగారు పడకండి, చాలామందికి రెండు మూడు రోజుల్లో సర్దుకుంటుంది. చాలామందికి. మరి మిగతావాళ్ళకో అని అడిగేలోపు ఆయన లేడు. ఆ ఒక్క మాటనీ పక్కన పెట్టి మిగతా మూడింటినీ మళ్ళీ చప్పరించాను.

తమ్ముడు ఫోన్ చేశాడు. వాడు సిటీ బస్సు నడుపుతాడు, పొద్దుటి నుంచి స్టాపులో ఆగినప్పుడల్లా చేస్తున్నాడు. "ఏమైందే అక్కా?" అన్నాడు. "అయిపోయిందిరా. బాగుంది," అన్నాను. అవతల ఎవరో ప్రయాణికుడు "బాబూ, బండి తియ్యవయ్యా" అనడం వినపడింది, తర్వాత ముక్కు చీదిన చప్పుడు, ఫోన్ పెట్టేశాడు. ఆ బస్సులో ఇవాళ ఎక్కడ దిగాల్సినవాళ్ళు ఎక్కడ దిగుతారో ఏమో.

ఈ కుర్చీలకి చేతులున్నాయి. చేతులున్న కుర్చీలు చిన్నప్పటి నుంచీ నాకు పడవు. కూర్చునేటప్పుడు బాగానే ఉంటుంది, లేచేటప్పుడే కుర్చీ కూడా నాతో వస్తానంటుంది. యాభై దాటాక కూడా కొత్త గదిలోకి వెళ్ళగానే నా కళ్ళు ముందు కుర్చీల్నే వెతుకుతాయి, తర్వాతే మనుషుల్ని. ఇలాంటి మనిషికి దొరికిన ఉద్యోగం ఏమిటయ్యా అంటే పిల్లల్ని తూయడం. ఎవరైనా అడిగితే పరిశోధన అని చెప్తాను, చిన్నపిల్లల్లో ఊబకాయం మీద పరిశోధన, ఏ పిల్లలు ఎందుకు లావెక్కుతున్నారు, ఏం చేస్తే తగ్గుతున్నారు, ఏం చేస్తే ఇంకా పెరుగుతున్నారు. కానీ రోజంతా చేసేది తూయడమే. బళ్ళకి వెళ్తాం, తూకం యంత్రం గచ్చు మీద సమంగా కూర్చుందో లేదో చూస్తాం, ఒక్కొక్కరినీ తెర వెనక్కి పిలుస్తాం, బూట్లు విప్పిస్తాం, అంకె కనపడే వైపుకి వీపు పెట్టి నిలబెడతాం. అంకె నేను చూస్తాను, పిల్ల గోడ మీద ఏనుగు బొమ్మ చూస్తుంది. అడిగినా చెప్పను. మా ప్రాజెక్టు పెద్దాయనకి ఇది నచ్చదు, పిల్లలకి నిజం చెప్పకపోతే ఎలాగమ్మా అంటాడు, ఆ నిజం వాళ్ళకి చెప్పడానికి క్లాసు నిండా మనుషులున్నారు సార్, మనం కూడా ఎందుకు అన్నాను, ఆయన కళ్ళజోడు తుడుచుకున్నాడు. ఆయన్ని ఒప్పించడానికి చెవిలో ఇల్లు కట్టుకుని పోరాల్సి వచ్చింది. ఇక పిల్లల వేషాలు చూడాలి. ఊపిరంతా వదిలేసి ఎక్కేవాళ్ళు, జడ రిబ్బన్లు విప్పేసి నా చేతిలో పెట్టేవాళ్ళు, ఒంటికాలి మీద నిలబడితే సగమే తూగుతామనుకునేవాళ్ళు, మెల్లిగా గోడకి వేలు ఆనించి పైకి నొక్కేవాళ్ళు. ఇన్నేళ్ళలో నా కంటపడని దొంగతనం లేదు. ఎక్కేటప్పుడు భుజం ఎలా కదిలిందో చూసి చెప్పేస్తాను. తేలిగ్గా కనపడాలనే పాపం అందరి తాపత్రయమూ.

మా చిన్నప్పుడు తెరా లేదు గిరా లేదు. అందరినీ వరసలో నిలబెట్టి తూసేవాళ్ళు, టీచరు అంకెని గట్టిగా చదివేది, ఇంకో పిల్ల రాసుకునేది. నా అంకె చదివినప్పుడు టీచరే ఒక క్షణం ఆగింది, యంత్రాన్ని తట్టి చూసింది, మళ్ళీ చదివింది, రెండోసారి ఇంకా గట్టిగా. అప్పటి నుంచి నా పేరు పీపా. అన్నం తినకుండా మంచం కిందికి దూరి పడుకున్నాను, అక్కడ కూడా సరిగ్గా పట్టలేదు, అదో ఏడుపు. మర్నాడు అమ్మ నాతో పాటు బడికి వచ్చింది, మెడలో టేపు వేలాడుతూనే ఉంది, ఆవిడ మెడలో టేపు లేకపోవడం నేను చూసింది ఈ ఉదయమే, థియేటర్ లోపలికి తీసుకెళ్ళేటప్పుడు. ఆ రోజు తిన్నగా యంత్రం ఎక్కి నిలబడింది. "ముందు నాది గట్టిగా చదవండి టీచరుగారూ. తర్వాత మీరెక్కండి, మీది నేను చదువుతాను. నాకూ గొంతుంది," అంది. టీచరు కూడా నాలాగే దిట్టమైన మనిషి. ఆ యంత్రం ఆ రోజు బీరువాలోకి వెళ్ళింది, తర్వాత బయటికి వచ్చినా ఎవరి అంకెనీ ఎవరూ చదవలేదు. నాకు సిగ్గుతో తల తీసేసినట్టయింది, సంతోషంతో ఒళ్ళు తేలిపోయింది, రెండూ ఒకేసారి.

ఆవిడ ఎవరి కొలతా పైకి చెప్పేది కాదు. టేపు చుట్టేది, వేలితో పట్టుకునేది, కళ్ళు చిట్లించి చూసేది, పెదాలు కదిపేది, అంతే. కుట్టించుకోవడానికి వచ్చిన ఆడవాళ్ళు ఎంతుందమ్మా అంటే బట్టకి సరిపడా ఉన్నారు అనేది. నేను అడిగినా అదే. ఎంతున్నానమ్మా? బట్టకి సరిపడా ఉన్నావు. మా ఇంట్లో అద్దం కన్నా ఆ మాటే ఎక్కువ నమ్మాను. ఒక ఏడాదంతా అదే నీలం గౌను పట్టింది, నేనింక లావెక్కడం లేదనుకుని మురిసిపోయాను. ఇస్త్రీ చేస్తుంటే ఒకసారి పక్కల్లో పాత కుట్ల గుర్తులు కనపడ్డాయి, సన్నటి చుక్కల వరసలు, ఒకటి కాదు, మూడు నాలుగు. కుట్టు లోపల గుడ్డ మడిచి ఉంచిందన్నమాట, నేను బడికి వెళ్ళినప్పుడు విప్పి, వేలెడు వదిలి, మళ్ళీ కుట్టేసిందన్నమాట. ఆవిడకి చెప్పలేదు నేను చూశానని. ఇప్పటికీ చెప్పలేదు. ఈసారి చెప్పాలి. గంటలో చెప్పొచ్చు. ఎంత హాయిగా ఉందో ఈ మాట, గంటలో చెప్పొచ్చు.

ఎదురు కుర్చీ పెద్దాయన గురక మొదలుపెట్టాడు, ఒక చెప్పు జారిపోయింది. ఆయన భార్య మోకాలి చిప్ప మార్చుకుంటోందట, పొద్దున్న చెప్పాడు. ఈ ఆసుపత్రిలో పెద్దవాళ్ళకి ఆపరేషన్ చెయ్యాలంటే ముందు వేరే డాక్టరమ్మ చూస్తుంది. సర్జన్ గడ్డని చూస్తాడు, ఈవిడ మనిషిని చూస్తుంది. నడిపించి చూసింది, పిడికిలి పట్టించి చూసింది, ఈ రోజు ఏ వారం అని అడిగింది, అమ్మ ఆవిడని ఎగాదిగా చూసి, మీకూ తెలియదా అంది. తర్వాత ఆ డాక్టరమ్మ ఎవరూ అడగని ప్రశ్న అడిగింది, ఆపరేషన్ అయ్యాక మీరు ఏం చెయ్యగలిగితే మీకు చాలు అని. అందరూ నడవాలి, నా పనులు నేను చేసుకోవాలి అంటారట. అమ్మ ఆలోచించను కూడా లేదు. "మిషన్ తొక్కాలి. సూదిలో దారం నేనే ఎక్కించుకోవాలి. దారం కొస కనపడని రోజు నన్నింక లేపొద్దు," అంది. డాక్టరమ్మ నవ్వలేదు, రాసుకుంది. రాసుకుని, మనిషి బాగా చిక్కిపోయారు, ఇలా తగ్గుతూ పోతే కోతకి తట్టుకోలేరు, నెల రోజులు బాగా తినిపించండి, రోజూ నడిపించండి, గాలి పీల్చే వ్యాయామం చేయించండి, వారం వారం తూద్దాం, కాస్త పెరిగితే సరే, లేకపోతే ఇంకో నెల ఆగుదాం అంది. బయటికి వచ్చాక అమ్మ బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుంది. "ఆగుదాం అంటే చెయ్యం అని అర్థమే," అంది. "పరదాలు కుట్టడం ఇష్టం లేకపోతే నేనూ అదే చెప్పేదాన్ని, వచ్చే నెల చూద్దాం అని." గొంతు మామూలుగానే ఉంది. నా చెయ్యి మాత్రం పట్టుకుంది, చాలా ఏళ్ళ తర్వాత.

ఇక చూడాలి నా హడావుడి. పగలంతా పిల్లల తల్లుల్ని కూర్చోబెట్టి బలవంతంగా తినిపించకండమ్మా, వద్దన్నప్పుడు ప్లేటు తీసెయ్యండి అని చెప్పడం, ఇంటికి రాగానే అమ్మ ముందు చెంచా పట్టుకుని కూర్చోవడం. రెండు గుడ్లు, గ్లాసుడు పాలు, ఇంకొక్క ముద్ద, నాకోసం. ఆవిడ చేత్తో నోరు మూసుకునేది, తిన్నాలేవే, పొట్ట బద్దలై చస్తాను, అప్పుడు వాళ్ళకి కోసే పని కూడా తప్పుతుంది అనేది. ప్లేటులో సగం అలాగే ఉండేది. అయినా వారం తిరిగేసరికి తూకం పెరిగింది. రెండో వారం ఇంకాస్త. నా ఆనందం అంతా ఇంతా కాదు. జీవితమంతా బరువు తగ్గించడం ఎలాగో చదివినదాన్ని, పెంచడంలో ఇంత మొనగత్తెననుకోలేదు. ఆఫీసులో అందరికీ చెప్పాను, మా ప్రాజెక్టు పెద్దాయనకి ప్లేటులో ఏమేం పెట్టానో వివరంగా చెప్పాను. ఫిజియోథెరపీ అబ్బాయి కూడా అమ్మ తొడలు తట్టి చూసి, అమ్మమ్మగారూ, ఈ వయసులో కాళ్ళు ఇంత గట్టిపడటం నేనెక్కడా చూడలేదు అన్నాడు. నేను పొంగిపోయాను. అమ్మ వినయంగా తల దించుకుంది. ఆవిడకి వినయం ఎప్పటి నుంచి అని అప్పుడే అనుకోవాల్సింది.

నర్సమ్మ వచ్చింది, పచ్చ టోపీ అమ్మాయి. "అమ్మగారి కళ్ళజోడు, కట్టుడు పళ్ళు ఇస్తారా? లేవగానే పెట్టేస్తాం. మనుషులు సరిగ్గా కనపడితే పెద్దవాళ్ళు తొందరగా తేరుకుంటారు." పొద్దున్న నా చేతికిచ్చిన సంచిలోంచి కళ్ళజోడు తీసిచ్చాను, పళ్ళ డబ్బా తీసిచ్చాను, ఆ అమ్మాయి వెళ్ళిపోయింది. సంచి మూయబోయి ఆగాను. పొద్దుటి నుంచి దీన్ని ఒళ్ళోనే పెట్టుకుని కూర్చున్నాను, తొడలు తిమ్మిరెక్కాయి, ఆ బరువంతా నా మనసుదే అనుకున్నాను. అమ్మ బట్టలు ఇంత బరువెందుకున్నాయి. పైన చీర, కింద జాకెట్టు, అడుగున ఎప్పుడూ కట్టుకునే బూడిద రంగు లోపలి పావడా, బయటికి లాగితే అంచు కుర్చీ చేతికి తగిలి ఠంగుమంది. పెద్దాయన గురక ఆగి మళ్ళీ మొదలైంది. అంచుని వేళ్ళతో తడిమాను. గుండ్రంగా, చల్లగా, ఒకదాని పక్కన ఒకటి.

సీసం బిళ్ళలు. చిన్నప్పుడు నేను ఆడుకున్నవే. సినిమా హాళ్ళకీ ఆఫీసులకీ అమ్మ పెద్ద పెద్ద పరదాలు కుట్టేది, పరదా గాలికి ఎగరకుండా తిన్నగా వేలాడాలంటే కింది అంచులో బరువుండాలి, దానికోసం ఒక రేకు డబ్బా నిండా ఈ బిళ్ళలు ఉండేవి. మడత లోపల చిన్న చిన్న గదులు కుట్టి ఒక్కో గదిలో ఒక్కోటి వేసేది, చప్పుడు కాకుండా, ఒకదానికొకటి తగలకుండా. ఇక్కడా అంతే. నాలుగు వరసలు, ఒకదాని మీద ఒకటి. మొదటి వరస తెల్ల దారం, రెండోది నీలం, మూడోది నలుపు, నాలుగోది మళ్ళీ తెలుపు. వారానికో వరస. కళ్ళు కనపడటం లేదని మొత్తుకునే మనిషి కుట్టిన కుట్టు కాదది, సన్నగా, తిన్నగా, ఒక్కటి పక్కకి పోలేదు. నవ్వు రావాలి కదా. వచ్చింది కూడా, సగం దాకా.

తూకం తప్పు. కాగితం మీద ఉన్న తూకం తప్పు. మత్తు మందు ఇచ్చేది బరువుని బట్టి. నొప్పి మందు బరువుని బట్టి. ఇప్పుడు, ఈ నిమిషంలో, ఆ గోడ అవతల సెలైన్లో కలిపి ఎక్కిస్తున్నది బరువుని బట్టి. లేని మూడు కిలోలకి కూడా మందు ఎక్కించారు, ఎముకల గూడులాంటి మనిషికి, ఈ వయసులో కొంచెం ఎక్కువైనా ఊపిరి మందగిస్తుంది, బుర్ర మబ్బుపడుతుంది, లేవగానే తికమక అన్నాడు, చాలామందికి సర్దుకుంటుంది అన్నాడు, మిగతావాళ్ళు వీళ్ళేనేమో, ఎక్కువ పడినవాళ్ళు. ఎవరికీ తెలియదు. నాకు తప్ప ఎవరికీ తెలియదు. తూకమే వృత్తిగా బతుకుతున్నదాన్ని, రిబ్బన్లు విప్పినా కనిపెట్టేదాన్ని, మా అమ్మ నా కళ్ళముందే, నా భుజం పట్టుకుని మరీ, ఆ యంత్రం ఎక్కింది, వారం వారం ఎక్కింది, నేను పక్కన నిలబడి చప్పట్లొక్కటే తక్కువ. లేచాను. కుర్చీ నాతో పాటు లేచింది. దాన్ని విదిలించుకుని, పావడా చేత్తో పట్టుకుని, తలుపు దగ్గరి బల్ల దాకా ఎలా వెళ్ళానో తెలియదు.

బల్ల దగ్గర కూర్చున్నావిడకి ఏం చెప్పానో సరిగ్గా గుర్తులేదు. పావడా అన్నాను, పరదాలు అన్నాను, మందు ఆపండి అన్నాను. ఆవిడ నా ముఖం చూసి ఇంకేమీ అడగకుండా ఫోన్ ఎత్తింది. మత్తు డాక్టరమ్మ బయటికి వచ్చింది, నుదుటి మీద టోపీ అచ్చు అలాగే ఉంది, చేతిలో సగం కొరికిన బిస్కెట్. నేను పావడా బల్ల మీద పెట్టాను, మళ్ళీ ఠంగుమంది. "డాక్టరు గారూ, మా అమ్మ తూకం తప్పు. ఇవి కుట్టుకుంది. మూడు కిలోల దాకా ఉంటాయి. మీరు మందు ఎక్కువ..." అన్నాను.

ఆవిడ అంచుని వేలితో నొక్కి చూసింది. "ఇవేనా ఆ బిళ్ళలు? భలే కుట్టారే," అంది. "కూర్చోండి ముందు. ఏమీ కాలేదు. మేం క్లినిక్ తూకం నమ్మం అండీ. పొద్దున్న ఆసుపత్రి గౌను వేశాక మంచంతో సహా తూస్తాం, మందులన్నీ దాన్ని బట్టే. మూడు కిలోలు తేడా వచ్చింది. మంచం పాడైందేమోనని నేను కూడా ఎక్కి చూశాను. నా బరువు సరిగ్గానే చూపించింది, దురదృష్టం."

"మరి అమ్మ?"

"ఆవిడే దగ్గరికి రమ్మని వేలు ఊపి, చెవిలో చెప్పారు. సర్జన్ గారికి కూడా చెప్పాను. నిజం తూకం మొదట్లో ఎంతుందో ఇప్పుడూ అంతే ఉంది, తగ్గలేదు, అదే గొప్ప. ఊపిరి బాగుంది, కాళ్ళు బాగా గట్టిపడ్డాయి. ఎందుకు గట్టిపడవు, నెల రోజులు ఇంత సీసం మోస్తూ నడిచారు. ఇంకో నెల ఆగినా ఇంతకన్నా మెరుగవదు అనుకున్నాం ఇద్దరం." బిస్కెట్ మిగతా సగం నోట్లో వేసుకుంది. "మీతో మాత్రం చెప్పొద్దన్నారు."

"నాతోనా? ఎందుకు?"

"మా అమ్మాయి తిండి పెట్టి నన్ను పెంచాననుకుంటోంది, నెల రోజులుగా ఎంత సంతోషంగా ఉందో, దాని మొహం చూసి నాలుగో వరస కూడా వేశాను, అన్నారు."

నెత్తిన పాలు పోశారు డాక్టరు గారూ అన్నాను, లేదా అనాలనుకున్నాను. ఆవిడ నా భుజం తట్టి లోపలికి వెళ్ళింది. ఈసారి చేతుల్లేని కుర్చీ వెతుక్కుని, యంత్రంలోంచి బిస్కెట్ పొట్లం తీసుకుని, పావడాని ఒళ్ళో పరుచుకుని కూర్చున్నాను. పోయిన ప్రాణం లేచిరావడం అంటే ఇందాకటిది కాదు, ఇదీ. నవ్వొస్తోంది, కోపం కూడా వస్తోంది, మొండిఘటం, గడుసుది, చెప్పి చావొచ్చుగా. వాయిదా వేస్తారని మొదటి వరస కుట్టుకుందంటే అర్థముంది. నాలుగో వరస నాకోసం. నా మొహం వెలిగిపోతుంటే చూడటానికి ఆ వరస కుట్టి, అదనంగా ఆ బరువు ఈడ్చుకుంటూ మెట్లెక్కింది. ఆ నీలం గౌను పక్కల్లో వేలెడు వేలెడు వదిలింది కూడా ఈ చేతులే. నన్ను ఒక్క రోజు కూడా నా బరువు మొయ్యనివ్వలేదు ఈవిడ, ఏదో ఒక కుట్టులో దాచేసేది. కళ్ళు తుడుచుకోవడానికి పావడాయే దొరికింది, బిళ్ళలు ముక్కుకి తగిలాయి.

తమ్ముడు మళ్ళీ చేశాడు. "లేచిందా?" "ఇంకా లేదు. ఒరేయ్, అమ్మ సీసం బిళ్ళల డబ్బా ఎక్కడిదిరా?" "నేనే అటక మీంచి దింపిచ్చాను. పరదాలు కుట్టాలంది. ఆపరేషన్ పెట్టుకుని పరదాలేంటమ్మా అన్నాను, నోర్మూసుకుని నీ బస్సు నువ్వు నడుపుకో అంది. ఏమైంది?" "ఏం లేదు. నీ బస్సు నువ్వు నడుపుకో," అన్నాను. పెద్దాయన్ని ఎవరో పిలిచారు, ఆయన ఉలిక్కిపడి లేచి, ఒక కాలి చెప్పుతోనే నడిచాడు, వెనక్కి పిలిచి రెండోది అందించాను. మీదీ బాగా అవుతుందమ్మా అన్నాడు, అయిపోయిందండీ అన్నాను.

పచ్చ టోపీ అమ్మాయి వచ్చింది. ముఖం కాస్త ముడుచుకుని ఉంది. "మీ అమ్మగారు లేచారు. కానీ తికమకగా ఉన్నారు మేడం, చెప్తున్నాను, భయపడకండి. పావడా ఎక్కడ, సీసం ఎక్కడ అని అదే అడుగుతున్నారు. ఇక్కడ సీసం ఎందుకుంటుందమ్మా అంటే నా మీద విసుక్కున్నారు." నేను నవ్వాను. ఆపుకుందామన్నా ఆగలేదు, ఆ అమ్మాయి ఒక అడుగు వెనక్కి వేసింది, నన్ను కూడా మంచం ఎక్కించాలేమో అన్నట్టు చూసింది. ఇంత స్పష్టంగా ఈ ఆసుపత్రిలో ఎవరూ మాట్లాడటం లేదమ్మా, పద, అన్నాను. పావడా మడిచి సంచి అడుగున పెట్టి, పైన చీర కప్పాను.

మంచంలో అమ్మ ఇంత చిన్నగా ఉంటుందనుకోలేదు. మామూలుగా బట్టలే ఆవిడలో సగం. కళ్ళజోడు పెట్టారు, పళ్ళు పెట్టారు, దుప్పటి కింద నుంచి ఒక చెయ్యి బయటికి వచ్చి అంచు కుట్టుని తడుముతోంది, బాగుందో లేదో చూస్తున్నట్టుంది. ముఖంలో రంగుంది. ఊపిరి మెల్లిగా, సమంగా ఉంది. దగ్గరికి వెళ్ళి వంగాను.

"అమ్మా, నేనెవర్ని?"

ఆవిడ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "నువ్వెవరో నీకే తెలియకపోతే నాకెలా తెలుస్తుందే," అంది. గొంతు బొంగురుపోయింది, కానీ అదే గొంతు. ఆ క్షణాన ఆ పక్కన పెట్టిన ఒక్క మాట కూడా, చాలామందికి అన్న మాట, దానంతటదే కరిగిపోయింది. చెయ్యి పట్టుకున్నాను. వేళ్ళు వెచ్చగా ఉన్నాయి, చూపుడువేలు కొన సూది పోట్లతో గరుగ్గా ఉంది.

"సంచి ఏదే?"

"నా దగ్గరే ఉందమ్మా."

"తెరిచావా?"

"కళ్ళజోడు తీసిచ్చానంతే," అన్నాను. ఆవిడ నా ముఖం వంకే చూసింది. నేను దుప్పటి సర్దాను. నీలం గౌను సంగతి చెబుదామనుకున్నాను కదా, పోనీలే, ఆవిడ దాచుకున్నవి కొన్ని, నేను దాచుకున్నవి కొన్ని, ఉండనీ.

ఇంతలో పచ్చ టోపీ అమ్మాయి మంచం కాళ్ళవైపు ఏదో నొక్కింది. సెలైన్ ఎంత పోయిందో చూసుకోవడానికి మళ్ళీ ఒకసారి తూకం చూస్తారట, మంచమే తూస్తుందట. చివర చిన్న తెర మీద ఎర్ర అంకె వెలిగింది. అమ్మకి కళ్ళజోడు ఉంది, ఆ తెర సరిగ్గా ఆవిడ కళ్ళకెదురుగా ఉంది. ఏనుగు బొమ్మ లేదు, తెర గుడ్డ లేదు, మంచాన్ని వెనక్కి తిప్పడానికి లేదు. గబగబా వెళ్ళి మంచం కాళ్ళ దగ్గర, అంకెకి అడ్డంగా, వీపు దానికి పెట్టి నిలబడ్డాను. పూర్తిగా కప్పేశాను. నా ఒళ్ళు ఇన్నేళ్ళకి నాకు పనికొచ్చింది.

"ఎంతున్నానే?" అంది అమ్మ.

"బట్టకి సరిపడా ఉన్నావు," అన్నాను.

అమ్మ నన్నే చూసింది. తర్వాత పెదాలు అటూ ఇటూ కదిపి, కట్టుడు పళ్ళు సర్దుకుని, కళ్ళు మూసుకుంది.

"తెరిచావన్నమాట," అంది.